ప్రపంచం చుట్టాలనే లక్ష్యం పెట్టుకున్నారా? టికెట్ కొనే ముందు ఈ జాగ్రత్తలు

"నలభై ఏళ్లు వచ్చేలోపు వంద దేశాలు", "ఏడు ఖండాల్లోనూ కాలు పెట్టాలి", "ప్రపంచంలో ఏ దేశాన్నీ వదలకూడదు". ఇలాంటి లక్ష్యం పెట్టుకున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. వద్దని చెప్పడానికి కాదు. ఇంత పెద్ద కోరిక కోరుకుని, దానికోసం ఏళ్ల తరబడి కష్టపడేవాళ్లంటే నాకు ఎంతో గౌరవం. కానీ మామూలు టూరులో లేని ప్రమాదం ఒకటి ఇందులో ఉంది. టూరులో జ్వరమొస్తే రూములో పడుకుంటాం, తుఫాను అంటే వెనక్కి వచ్చేస్తాం. లక్ష్యం ఉన్నప్పుడు "ఇంకో రెండు దేశాలే కదా", "ఇప్పుడు కాకపోతే మళ్లీ కుదరదు" అని మనసు పోరు పెడుతూ ఉంటుంది. నేను చేసిన తప్పుల్లోనూ, తోటివాళ్లు చేయగా చూసిన తప్పుల్లోనూ ఎక్కువ భాగం తెలియక చేసినవి కావు. అంకె వెనకనుంచి తరుముతుంటే తెలిసీ చేసినవి. అందుకే నిర్ణయాలన్నీ ముందే, ఇంట్లో కూర్చుని తీరిగ్గా తీసుకోవాలి.

ముందు లెక్క తేల్చుకోండి

"అన్ని దేశాలూ" అంటే ఎన్ని? ఐక్యరాజ్యసమితిలో సభ్యదేశాలు 193. పరిశీలక హోదా ఉన్న వాటికన్, పాలస్తీనా కూడా కలిపితే 195. తైవాన్, కొసోవో ఈ రెండు లెక్కల్లోనూ లేవు. ఎక్కువ దేశాలు తిరిగినవాళ్ల సంఘం ఒకటుంది, 1954లో మొదలైన ట్రావెలర్స్ సెంచురీ క్లబ్. అదైతే దూరంగా ఉన్న దీవులనూ, ప్రత్యేక ప్రాంతాలనూ విడిగా లెక్కేసి 330 చోట్ల జాబితా పెట్టుకుంది. ఏ జాబితా పట్టుకుంటారో మొదటిరోజే రాసుకోండి. ఎయిర్‌పోర్టులో విమానం మారితే ఆ దేశం చూసినట్టా? సరిహద్దు దాటి గంటలో తిరిగొస్తే? ఇవి చిన్న విషయాల్లా కనిపిస్తాయి. కానీ సగం దారిలో లెక్క మార్చుకుంటే, అప్పటిదాకా తిరిగిన చోట్లకే మళ్లీ పరుగెత్తాల్సి వస్తుంది.

నియమాలు పెట్టుకునేటప్పుడు ప్రతి నియమానికీ ఎంత మూల్యం చెల్లించాలో కూడా చూసుకోండి. డెన్మార్క్‌కు చెందిన థోర్ పెడర్సన్ 2013 అక్టోబరులో బయల్దేరినప్పుడు మూడు నియమాలు పెట్టుకున్నాడు. విమానం ఎక్కకూడదు, ప్రతి దేశంలో కనీసం 24 గంటలుండాలి, చివరి దేశం చూసేదాకా ఇంటికి రాకూడదు. నాలుగేళ్లలోపు అయిపోతుందనుకున్నాడు. 2020లో నాలుగు రోజులుందామని హాంకాంగ్‌లో దిగితే కరోనా వచ్చిపడింది, అక్కడే దాదాపు రెండేళ్లు ఉండిపోయాడు. చివరిదైన మాల్దీవులకు చేరేసరికి 2023 మే నెల. ఆయన పట్టుదలకు దండం పెట్టాల్సిందే. అయితే "ఇంటికి రాకూడదు" అనే ఒక్క మాటకు ఎన్నేళ్లు ధారపోయాల్సి వస్తుందో బయల్దేరే రోజున ఎవరూ ఊహించలేరు. మీ నియమాల్లో ఒక్కటైనా ఇంటివైపు తలుపు తెరిచి ఉంచాలి. అమ్మానాన్నలకు బాగోలేదని ఫోనొస్తే ఏం చేస్తారు? దీనికి జవాబు ఇప్పుడే అనుకోండి.

ఇంకో కాగితం మీద, ఏమైతే ఆగిపోతారో రాసుకోండి. ఎత్తైన పర్వతాలు ఎక్కేవాళ్లు పైకి బయల్దేరే ముందే "ఇన్ని గంటలకల్లా ఎక్కడున్నా సరే వెనక్కి తిరగాలి" అని సమయం పెట్టుకుంటారు. ఎవరెస్టు మీద చాలామందికి అది మధ్యాహ్నం రెండు గంటలు. శిఖరం కళ్లెదుట కనిపిస్తున్నా తిరగాల్సిందే, ఎందుకంటే ఆ ఎత్తులో ఆలోచన సరిగా సాగదు. దేశాల లెక్కలో ఉన్న మనిషి పరిస్థితి కూడా అంతే. నా కాగితం మీద ఉన్నవి చెబుతాను. మలేరియా ఉన్న చోట జ్వరమొస్తే అదే రోజు రక్తపరీక్ష, ఫలితం వచ్చేదాకా ప్రయాణం లేదు. తిరుగు ప్రయాణానికి పక్కన పెట్టిన డబ్బు మీద చెయ్యి పడితే ఆ విడత అక్కడితో ముగింపు. ఒక ప్రాంతానికి వెళ్లొద్దని ప్రభుత్వం హెచ్చరిస్తే, అక్కడివాళ్లు "ఏం పర్లేదు" అన్నా వెళ్లేది లేదు. ఈ కాగితం మా అక్క దగ్గర ఒకటి ఉంటుంది. ఆమె వద్దంటే వద్దు.

కాగితాలు: ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే

ఒకసారి డబ్బు మిగులుతుందని రెండు విమానాలకు విడివిడిగా టికెట్లు కొన్నాను. మొదటిది ఒక దేశంలో దింపుతుంది, ఐదు గంటల తర్వాత అక్కడినుంచే ఇంకో కంపెనీ విమానం. కౌంటర్‌లో అమ్మాయి బ్యాగు బెల్టు మీద పెట్టించుకుని, పాస్‌పోర్టు పేజీలు ఒక్కొక్కటే తిప్పింది. మళ్లీ మొదటినుంచీ తిప్పింది. "మధ్యలో బ్యాగు మీరే తీసుకోవాలి కదండీ, ఆ దేశం వీసా ఏది?" అంది. విమానం మారడమే కదా అనుకున్నాను. కానీ టికెట్లు వేరైతే బ్యాగు తీసుకోవడానికి ఇమిగ్రేషన్ దాటి బయటికి రావాలి, అంటే ఆ దేశంలోకి అడుగుపెట్టినట్టే. ఆమె నా బ్యాగు పిడి పట్టుకుని బెల్టు మీంచి మెల్లగా కిందికి దించింది. రెండు టికెట్ల డబ్బూ పోయింది. మొదటి విమానం ఎక్కలేదు కాబట్టి రెండోదానికి చేరలేదు, కానీ ఆ రెండో కంపెనీకి అది సంబంధం లేని విషయం. కాబట్టి విడి టికెట్లు కొంటే మధ్య దేశపు వీసా నియమాలు చూడకుండా డబ్బు కట్టకండి. ఒకే టికెట్ అయినా, అమెరికాలో విమానం మారాలంటే వీసా అవసరమైనవాళ్లకు ట్రాన్సిట్‌కు కూడా వీసా ఉండాల్సిందే.

పాస్‌పోర్టు గడువు సంగతి అందరికీ తెలిసిందే, అయినా ఏటా ఎంతోమంది దీనివల్లే వెనుదిరుగుతుంటారు. చాలా దేశాలు, మీరు అడుగుపెట్టిన రోజునుంచి ఇంకా ఆరు నెలల గడువు ఉండాలంటాయి. పెద్ద లక్ష్యం ఉన్నవాళ్లు ఏడాది మిగిలి ఉండగానే కొత్తది తీసుకోవడం మేలు. ఖాళీ పేజీలు కూడా లెక్కపెట్టండి. కొన్ని వీసాలు పేజీ మొత్తం ఆక్రమిస్తాయి, స్టాంపుకు ఎదుటి పేజీ కూడా ఖాళీగా ఉండాలనే చోట్లున్నాయి. ఎక్కువ పేజీల పాస్‌పోర్టు దొరికితే అదే తీసుకోండి.

వీసా మీద రెండు విషయాలు కలగాపులగం చేసుకోవద్దు. వీసా చెల్లుబాటు అయ్యే కాలం వేరు, లోపల ఉండనిచ్చే రోజులు వేరు. ఏడాది చెల్లే వీసాతో ముప్పై రోజులే ఉండనివ్వొచ్చు. సింగిల్ ఎంట్రీ వీసా అయితే పక్క దేశం చూసొద్దామని ఒక్కసారి బయటికి వెళ్తే చాలు, అది చెల్లిపోయినట్టే.

యూరప్‌లో తమ మధ్య సరిహద్దు తనిఖీలు తీసేసుకున్న షెంగెన్ దేశాలు ఇప్పుడు 29. వీటన్నిట్లో కలిపి ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండకూడదు. బయటికి వచ్చి మళ్లీ వెళ్తే లెక్క మొదటికి వస్తుందని చాలామంది అనుకుంటారు, రాదు. జనవరి 1 నుంచి 60 రోజులుండి వచ్చి, మే 1న మళ్లీ వెళ్లారనుకోండి. ఆ రోజునుంచి వెనక్కి 180 రోజులు చూస్తే ఆ 60 రోజులూ లెక్కలోనే ఉంటాయి, మీకు మిగిలింది 30 రోజులే. ఇదివరకు స్టాంపులు చూసి చేత్తో లెక్కపెట్టేవాళ్లు. 2025 అక్టోబరు నుంచి వేలిముద్రలు, ఫోటో తీసుకుని కంప్యూటర్‌లో నమోదు చేసే పద్ధతి దశలవారీగా వచ్చింది. ఒక్కరోజు ఎక్కువున్నా కనిపిస్తుంది.

దేశాలు ఏ వరుసలో చూస్తారన్నది కూడా ముఖ్యమే. వీసా లేకుండా అమెరికా వెళ్లగలిగే పాస్‌పోర్టు ఉన్నవాళ్లు 2011 మార్చి 1 తర్వాత ఇరాన్, ఇరాక్, సిరియా, సూడాన్, లిబియా, సోమాలియా, యెమెన్, ఉత్తర కొరియాల్లో ఎక్కడికి వెళ్లొచ్చినా, కొందరికి తప్ప ఆ సౌకర్యం ఉండదు. ఇంటర్వ్యూకు వెళ్లి వీసా తీసుకోవాలి. ఆ దేశాలు చూడొద్దని కాదు, ఏది ముందో ఏది వెనకో తెలిసి నిర్ణయించుకోవాలని.

రుతువు చూసి దారి గీయండి

మ్యాప్ మీద దగ్గరగా ఉన్నాయని కలిపేస్తే సరిపోదు. అట్లాంటిక్ తుఫానుల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా. కరీబియన్ దీవులన్నీ ఒకే ఊపులో చుట్టేద్దామనుకుంటే ఈ నెలలు వదిలేయండి. అంటార్కిటికాకు టూరిస్టు ఓడలు వెళ్లేది దాదాపు నవంబరు నుంచి మార్చి వరకే. అర్జెంటీనా దక్షిణ కొసన ఉన్న ఉషుయా నుంచి ఎక్కువ ఓడలు బయల్దేరతాయి, అక్కడికీ అంటార్కిటికాకూ మధ్య ఉన్న డ్రేక్ జలసంధి దాటడానికే రెండు రోజులు పడుతుంది. 500 మంది కంటే ఎక్కువ ప్రయాణికులున్న ఓడైతే ఎవరినీ ఒడ్డుకు దింపరు. ఒక చోట ఒకేసారి దిగేది కూడా 100 మందే. ఏడో ఖండం మీద కాలు పెట్టాలన్నదే లక్ష్యమైతే, బుక్ చేసేముందు "ఒడ్డుకు దింపుతారా" అని అడిగి తీరాలి. ఓడ ఆ ఖండం పక్కనుంచి వెళ్లి తిరిగొచ్చేస్తే చాలా బాధగా ఉంటుంది.

పసిఫిక్‌లోని తువాలు, నౌరూ, కిరిబాటి లాంటి చిన్న దేశాలకు వారంలో కొన్ని విమానాలే ఉంటాయి. ఒకటి రద్దయితే రోజుల తరబడి అక్కడే ఉండాలి. అలాంటి చోటి తర్వాత, మార్చడానికి వీల్లేని టికెట్ వెంటనే పెట్టుకోవద్దు. ప్రపంచం చుట్టి రావడానికి ఒకేసారి కొనే రౌండ్ ది వరల్డ్ టికెట్లు తీసుకునేవాళ్లు కూడా గుర్తుంచుకోండి. వాటిలో సాధారణంగా తూర్పుకో పడమరకో ఒకే దిశలో సాగాలి, ఏడాదిలో పూర్తి చేయాలి. అనారోగ్యం వల్ల నెల రోజులు ఆగినా ఆ గడువు మాత్రం ఆగదు.

ఒళ్లు

బయల్దేరడానికి ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే ప్రయాణాల టీకాలు వేసే డాక్టర్ దగ్గరికి వెళ్లండి, దారి మొత్తం రాసుకుని మరీ. ఎల్లో ఫీవర్ టీకా వేసుకున్నట్టు ఒక సర్టిఫికెట్ ఇస్తారు, టీకా వేసుకున్న పది రోజుల తర్వాతే అది చెల్లుతుంది. 2016 జులై నుంచి అది జీవితాంతం పనికొస్తుంది. ఆ జబ్బున్న దేశంనుంచి వచ్చేవాళ్లను సర్టిఫికెట్ అడిగే దేశాలు చాలా ఉన్నాయి, కాబట్టి ఇక్కడ కూడా వరుసే ముఖ్యం. అరవై దాటినవాళ్లు, గర్భిణులు, గుడ్డు పడనివాళ్లు ముందే డాక్టర్‌కు చెప్పాలి.

మలేరియా రాకుండా వేసుకునే మాత్రలు ఊరు చేరాక మొదలుపెట్టేవి కావు. ముందు మొదలుపెట్టి, తిరిగొచ్చాక కూడా కొన్నాళ్లు వేసుకోవాలి, డాక్సీసైక్లిన్ అయితే నాలుగు వారాలు. లక్ష్యం మీద ఉన్నవాళ్లు "ఆ దేశం దాటేశాం కదా" అని ఆపేసేది సరిగ్గా ఇక్కడే. పైన చెప్పిన పెడర్సన్‌కు కూడా దారిలో మెదడుకు సోకే మలేరియా వచ్చింది. కుక్క కరిస్తే, కోతి గీరితే వెంటనే సబ్బు, నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లాలి. రేబిస్‌కు ఇచ్చే ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే ఇంజెక్షన్ చాలా చోట్ల దొరకదు. ముందే టీకాలు వేయించుకుంటే ఆ ఇంజెక్షన్ అవసరం ఉండదు, ఆసుపత్రికి మాత్రం వెళ్లాల్సిందే.

ఎత్తు ప్రాంతాల దగ్గర తొందర అస్సలు పనికిరాదు. బొలీవియాలో లా పాజ్‌కు విమానంలో వెళ్తే దిగేదే 4,000 మీటర్లకు పైన. 3,000 మీటర్లు దాటాక, పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు. మూడు నాలుగు రోజులకోసారి ఒకరోజు ఆగాలి. తలనొప్పితో పాటు నడక తడబడుతున్నా, కూర్చున్నచోటే ఆయాసం వస్తున్నా తెల్లారేదాకా చూడొద్దు, అప్పుడే కిందికి దిగాలి.

మందులు అసలు పెట్టెల్లోనే, డాక్టర్ చీటీతో ఉంచండి. ఇంట్లో మామూలుగా వాడే జలుబు మాత్రల్లోని సూడోఎఫెడ్రిన్ 10 శాతం దాటితే జపాన్‌లోకి తీసుకెళ్లకూడదు. కోడీన్, ట్రామడాల్ లాంటి నొప్పి మందులకు యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో కఠినమైన ఆంక్షలున్నాయి.

డబ్బు, బీమా

ప్రపంచంలో ఏ మూలనుంచైనా ఇంటికి టికెట్ కొనగలిగేంత డబ్బు వేరే ఖాతాలో పెట్టి, అది లేదనుకోండి. కార్డులు రెండు, వేర్వేరు నెట్‌వర్క్‌లవి, వేర్వేరు బ్యాగుల్లో. బ్యాంకు ఓటీపీ ఇంటి నంబరుకే వస్తుంది కాబట్టి ఆ సిమ్ విదేశాల్లో పనిచేస్తుందో లేదో ముందే చూసుకోండి. ఇది మర్చిపోయి, ఖాతాలో డబ్బుండి కూడా రాత్రంతా బస్టాండులో కూర్చున్న మిత్రుడు నాకున్నాడు.

బీమా పాలసీలో ఏమేం ఇస్తారో తర్వాత చదవండి, ముందు ఏమేం ఇవ్వరో చదవండి. ఎన్ని మీటర్ల ఎత్తు వరకు వర్తిస్తుంది? లైసెన్సు లేకుండా అద్దె బైకు నడిపితే? ప్రభుత్వం వద్దన్న ప్రాంతంలో ఏమైనా అయితే? అంతకుముందే ఉన్న బీపీ, షుగర్ సంగతేమిటి? మారుమూల దీవినుంచి పెద్దాసుపత్రికి విమానంలో చేర్చే ఖర్చు ఇందులో ఉందా? ఈ ఐదింటికీ జవాబు రాతలో తెప్పించుకోండి.

బయల్దేరే ముందురోజు ఒక పని చేయండి. పాస్‌పోర్టు, వీసాలు, టీకా సర్టిఫికెట్, బీమా నంబరు, బ్లడ్ గ్రూపు, మొదటి నెల బస చేసే చోట్లు, అన్నీ ఒక కవరులో పెట్టి ఇంట్లో నమ్మకమైనవాళ్ల చేతికివ్వండి. ఆగిపోయే షరతులు రాసుకున్న కాగితం కూడా అందులోనే ఉండాలి. ఇచ్చి ఊరుకోకుండా పక్కన కూర్చోబెట్టుకుని ఒకసారి చదివి వినిపించండి. ఎన్ని రోజులు ఫోను రాకపోతే కంగారుపడాలో, అప్పుడు ఎవరికి ఫోను చేయాలో మీరే చెప్పి వెళ్లండి.