రూమ్మేట్ కే2 అనే మత్తుమందు పీల్చి పడిపోతే ఏం చెయ్యాలి

నేను అమెరికాలోని ఇల్లినాయ్‌లో ఎమర్జెన్సీ నర్సుని. మాది నరసరావుపేట. ఇక్కడ చదువుకునే మన పిల్లలు బ్యాడ్జి మీద నా పేరు చూడగానే "అక్కా" అంటారు. ఆ చనువుతోనే రాస్తున్నాను.

ఒక రాత్రి ఇద్దరు కుర్రాళ్లు మూడోవాణ్ణి మోసుకొచ్చారు. ఒకటే వాంతులు, గుండె నిమిషానికి 150 సార్లు కొట్టుకుంటోంది, పిలిస్తే పలకడు. కాసేపటికి ఫిట్స్. "ఫుడ్ పాయిజనింగ్ అక్కా" అన్నారు. యూరిన్‌లో డ్రగ్ టెస్ట్ చేస్తే ఏమీ రాలేదు. 40 నిమిషాలు పోయాక ఒకడు కారిడార్‌లో జేబులోంచి తళతళలాడే ప్యాకెట్ తీశాడు. కే2. స్పైస్ అని కూడా అంటారు.

"గంజాయి లాంటిదే, టెస్టులో దొరకదు అన్నారక్కా."

దొరకదన్నది నిజమే, మామూలు టెస్టు దీన్ని పట్టుకోలేదు. అందుకే డాక్టరుకి దాచకుండా చెప్పండి, ప్యాకెట్ చేతికివ్వండి. వీసా టెన్షన్ తర్వాత పడొచ్చు.

గంజాయి లాంటిదన్నది మాత్రం అబద్ధం. ఏదో ఎండుటాకు మీద ల్యాబులో చేసిన రసాయనం చల్లి ఆరబెడతారు. పులిహోరలో ఉప్పు కలవకపోతే ఒక ముద్ద చప్పగా, ఇంకో ముద్ద నోట పెట్టలేకుండా ఉంటుందే, ఆ ప్యాకెట్ కూడా అంతే. నిన్న పీల్చినప్పుడు ఏమీ కాలేదు కదా అనే లెక్క ఇక్కడ పనికిరాదు. పైగా వీటిలో చాలా రసాయనాలు మెదడు మీద గంజాయి కంటే ఎన్నో రెట్లు బలంగా పనిచేస్తాయి.

మనిషి పడిపోతే ముందు 911కి ఫోన్ చెయ్యండి. ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టండి, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోకుండా. ఫిట్స్ వస్తుంటే చేతిలో తాళాలు పెట్టడం, పళ్ల మధ్య చెంచా దూర్చడం వద్దు. మనవాళ్లు మజ్జిగ, నిమ్మరసం పట్టిస్తారు. స్పృహ లేనివాడి గొంతులో ఏదీ పొయ్యకండి. హెరాయిన్ లాంటి మత్తుని విరిచే నార్కాన్ అనే ముక్కు స్ప్రేకి కే2 లొంగదు. కానీ ఆ ప్యాకెట్‌లో ఇంకేం కలిపారో ఎవరికి తెలుసు? ఊపిరి మందగిస్తే అదీ కొట్టండి, నష్టం లేదు. మెలకువగానే ఉండి కాస్త తేడాగా అనిపిస్తుంటే విషం విషయంలో ఫోన్‌లోనే సలహా ఇచ్చే పాయిజన్ కంట్రోల్‌కి చెయ్యండి: 1-800-222-1222. ఏ వేళలోనైనా పలుకుతారు, ఖర్చు లేదు.

తెల్లారి లేచి నవ్వుతున్నాడని వదిలెయ్యకండి. 2018 మార్చి నుంచి మా రాష్ట్రంలో ఇదే సరుకు పీల్చినవాళ్లు ముక్కు నుంచి, చిగుళ్ల నుంచి రక్తం కారుతూ వచ్చారు. అందులో బ్రోడిఫాకూమ్ ఉంది. ఎలుకల మందు! 150 మందికి పైగా జబ్బుపడ్డారు, నలుగురు చనిపోయారు. ఆ విషం అప్పటికప్పుడు బయటపడదు. రోజులు గడిచాక రక్తం గడ్డకట్టడం ఆగిపోతుంది. బ్రష్ మీద రక్తం, తగలకుండానే కమిలిన మచ్చలు, ఎర్రటి మూత్రం, నడుం పక్కన నొప్పి కనిపిస్తే మళ్లీ ఎమర్జెన్సీకి రండి. ఆ నొప్పికి ఆస్పిరిన్, ఇబుప్రోఫెన్ మింగితే రక్తస్రావం ఇంకా పెరుగుతుంది.

దీనికి మందు విటమిన్ కె1. రోజుకి గుప్పెడు మాత్రలు, అదీ నెలల తరబడి. నేను చూసిన ఒకాయన బాగానే ఉన్నాను కదా అని రెండు వారాలకే ఆపేశాడు. మళ్లీ వచ్చేసరికి మూత్రమంతా రక్తమే. రక్తపరీక్ష చూసి డాక్టరు ఆపమంటేనే ఆపాలి.