చిన్నాన్న సమ్మరీలో తప్పు కోడ్ ఎలా మార్పించానంటే

మా చిన్నాన్నది ఆమదాలవలస. తొడలో గడ్డ తీశాక బయాప్సీలో మిక్సాయిడ్ లైపోసార్కోమా అని తేలింది, అంటే కొవ్వు కణజాలంలో వచ్చే ఒక అరుదైన క్యాన్సర్. డిశ్చార్జ్ సమ్మరీలో మాత్రం జబ్బు కోడ్ డి17.2 అని ఉంది, అంటే మామూలు కొవ్వు గడ్డ. "కొవ్వు గడ్డకి రేడియేషన్ ఎందుకు?" అని ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిమ్ ఆపేశారు. ఇంట్లో ఒకటే టెన్షన్.

కాగితాలన్నీ పక్కపక్కన పెట్టి చూశాను. ఆపరేషన్‌కి ముందు అనుమానంగా రాసిన పేరుకే కోడ్ వేసేశారు. పాథాలజీ (బయాప్సీ) రిపోర్టు తర్వాత వచ్చింది, దాన్ని ఎవరూ ఎక్కించలేదు.

ఐసీడీ-10 అంటే జబ్బులకి కోడ్‌లు ఇచ్చే అంతర్జాతీయ పట్టిక. అందులో ఇలాంటి సార్కోమాలకి (కొవ్వు, కండ లాంటి మెత్తటి కణజాలంలో వచ్చే క్యాన్సర్లకి) ఎక్కువగా చోటుని బట్టే కోడ్. కాలు, తుంటి అయితే సి49.2. చెయ్యి, భుజం అయితే సి49.1. కణం రకం చెప్పేది ఐసీడీ-ఓ, అది గడ్డలకి, క్యాన్సర్లకి ఉన్న వేరే పట్టిక. మిక్సాయిడ్ లైపోసార్కోమాకి 8852/3. గీత తర్వాత 3 ఉంటే క్యాన్సర్, 0 ఉంటే కాదు. అరుదైన జబ్బుకి ఈ రెండూ రాయించుకోవాలి, సి49.2 ఒక్కటే ఉంటే ఏ రకమో తెలియదు.

రికార్డుల సెక్షన్‌లో కోడ్ దిద్దమంటే దిద్దరు, దిద్దకూడదు కూడా. ముందు డాక్టరుగారు డయాగ్నసిస్ మార్చి సంతకం పెట్టాలి. అలా రాయించి, పాథాలజీ రిపోర్టు జత చేసి పంపాక క్లెయిమ్ పాసైంది. రేడియేషన్ ఫైల్లోనూ పాత సమ్మరీ బదులు కొత్తది పెట్టించాను.