కొత్త వాలంటీర్‌తో మొదటి వార్త రాయించడం ఎలా?

"హాయ్ అండీ, నేనూ వార్తలు రాద్దామనుకుంటున్నా, ఏం రాయమంటారు?" వాలంటీర్లు నడిపే వార్తల సైట్లో కొత్తగా ఖాతా తెరిచినవాళ్ల మొదటి మెసేజ్ దాదాపు ఇలాగే ఉంటుంది. దానికి మనం ఏం చేస్తామంటే, నియమాల పేజీల లింకులు ఓ పది పంపించి చేతులు దులిపేసుకుంటాం. ఆ మనిషి మళ్లీ కనబడరు.

2004లో మొదలైన వికీన్యూస్ (వికీపీడియా తరహాలో వాలంటీర్లే వార్తలు రాసే సైటు) పద్ధతిని ఇక్కడ ఉదాహరణగా తీసుకుంటున్నా. మీ ఊళ్లో నలుగురు కలిసి నడిపే చిన్న సైటైనా పని ఇంచుమించు ఇదే. ఇంగ్లీషు వికీన్యూస్‌లో ఎవరైనా రాసే వీలుండేది గానీ, ఆ వార్త రాయడంలో పెద్దగా చెయ్యి పెట్టని ఇంకొకరు చూసి సరే అంటేనే అది బయటికి వెళ్లేది. ఈ ఒక్క నియమం చాలు, కొత్తవాళ్లకి సాయం చేసేటప్పుడు మీ చేతులు ఎక్కడ ఉండాలో చెప్పడానికి. సాయం పేరుతో మీరే సగం రాసేశారా, ఇక దాన్ని పరిశీలించే అర్హత మీకు పోతుంది, ఇంకో మనిషిని వెతుక్కోవాలి.

మొదట విషయం చిన్నది చేయించండి. "అవినీతి మీద రాస్తానండీ" అంటారు. వద్దనకండి, కానీ "నిన్న, ఇవాళ మీ వీధిలో ఏం జరిగింది?" అని అడగండి. రెండు మూడు రోజులు దాటితే వార్త పాతబడిపోతుంది, తీరిక దొరికినప్పుడు వారం రోజులు కూర్చుని చెక్కుదామంటే కుదరదు. అందుకే మొదటిది మూడు పేరాల్లో అయిపోయేదిగా ఉండాలి.

తర్వాత ఆధారాలు. ఒకదానితో ఒకటి సంబంధం లేనివి రెండు కావాలి. ఇక్కడే అందరూ బోల్తా పడతారు, ఎందుకంటే రెండు పేపర్లలో వచ్చింది కదా అని ఇస్తారు, తీరా చూస్తే రెండింటిలోనూ ఉన్నది పీటీఐ వార్తా సంస్థ పంపిన ఒకే కాపీ. అది ఒక్క ఆధారమే. వాట్సాప్ ఫార్వర్డ్ అయితే ఆధారమే కాదు, మహా అయితే ఎక్కడ వెతకాలో చెప్పే ఆచూకీ. వాళ్లే స్వయంగా వెళ్లి చూసి, మాట్లాడి రాస్తే ఇంకా మంచిది. వికీపీడియాలో కుదరదు గానీ వికీన్యూస్‌లో అది కుదిరేది. ఎవరితో ఎప్పుడు మాట్లాడారో, ఏమన్నారో ఆ నోట్సు వార్తకి జతగా ఉండే చర్చ పేజీలో పెట్టించండి. లేకపోతే పరిశీలించేవాళ్లు దేన్ని పట్టుకుని సరిచూడాలి?

ఇక ఇంట్రో, అంటే వార్త మొదలయ్యే వాక్యాలు. ఎక్కువ టైమ్ దీనికే పోతుంది, పోనివ్వండి. కొత్తవాళ్ల డ్రాఫ్టు ఇలా మొదలవుతుంది: "ప్రజాస్వామ్యంలో ప్రజలే దేవుళ్లంటారు. కానీ మా వార్డు ప్రజల గోడు పట్టించుకునే నాథుడే లేడు." చిన్నప్పటి నుంచి పేపర్లలో చదివిన భాష, వాళ్ల తప్పేం లేదు. దిద్దకండి. ఫోన్ చేయండి. "రాసింది పక్కన పెట్టి, మీ అక్కకి చెప్పినట్టు చెప్పండి, ఏమైంది?" అనండి. అప్పుడు నోట్లోంచి వచ్చేది ఇది: "మంగళవారం నుంచి మా రెండు వీధులకీ మంచినీళ్లు రావట్లేదండీ, రోడ్డు పనుల్లో పైపు పగిలిందట, శుక్రవారానికి బాగుచేస్తామని మున్సిపాలిటీ ఏఈ అన్నారు." అంతే, ఇంట్రో అయిపోయింది! ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు అన్నీ అందులోనే ఉన్నాయి. వీధుల పేర్లు చేర్చి, చెప్పింది చెప్పినట్టు టైప్ చేయమనండి. నాథుడి సంగతి వాళ్లే తీసేస్తారు.

ఒకసారి నేను ఈ ఓపిక లేక, ఓ అమ్మాయి డ్రాఫ్టు అర్ధరాత్రి కూర్చుని మొత్తం తిరగరాసి పెట్టాను. పొద్దున్నే మెసేజ్: "థాంక్స్ సార్, బాగుంది. కానీ ఇది నేను రాసింది కాదు కదా." ఆ తర్వాత ఆ అమ్మాయి ఒక్క వార్త కూడా పంపలేదు. తప్పు నాదే.

మీరే ముందుగా చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి, వాటిని వాళ్లంతట వాళ్లు తెలుసుకునేదాకా ఆగకూడదు. లైంగిక దాడి బాధితుల పేరు గానీ, గుర్తుపట్టడానికి వీలిచ్చే ఇంకే వివరం గానీ వేయకూడదు. భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ ప్రకారం అది నేరం, పిల్లల విషయంలో పోక్సో చట్టం కూడా ఉంది. పేరు తీసేసి ఊరు, స్కూలు, తండ్రి చేసే పని రాసినా పేరు రాసినట్టే. ఫొటో గూగుల్‌లో దొరికింది కదా అని తీసుకోకూడదు. సొంత ఫోన్‌తో తీసింది కాస్త మసకగా ఉన్నా అదే నయం.

వార్తని వెనక్కి పంపాల్సి వస్తే, తప్పులన్నీ ఒకేసారి గుచ్చకండి. "తటస్థంగా లేదు" అని రాస్తే ఎవరికేం అర్థమవుతుంది? "రెండో పేరాలో కాంట్రాక్టర్ నిర్లక్ష్యం అన్నారు, ఇది ఎవరి మాట? వాళ్ల పేరుతో రాయండి. కాంట్రాక్టర్‌ని కూడా అడిగారా?" అని రాయండి. ఫోన్ ఎత్తకపోతే ఎత్తలేదనే రాయొచ్చని చెప్పండి, చాలామందికి ఆ సంగతి తెలియదు. అదే రోజు జవాబివ్వండి, రేపంటే ఆ వార్త చద్దన్నం అవుతుంది, పైగా రాసినవాళ్లకి రాత్రంతా టెన్షన్.

పబ్లిష్ అయ్యాక లింకు ముందు వాళ్లకే పంపండి. ఇంట్లోవాళ్లకి చూపించుకుంటారు. ఓ గంటలో ఎవరో ఒకరు "రెండు కాదండీ, మూడు వీధులు" అని చెప్తారు, అది ఎలాగూ తప్పదు. కనుక్కుని, నిజమైతే సవరణ మీరు వేయకండి. వాళ్ల చేతే వేయించండి.