శనివారం పొద్దున వచ్చే ఆ మెసేజ్

మా ఆయనకి మొదటి పెళ్లిలో పుట్టిన 8 ఏళ్ల పాప ఉంది. కోర్టు ఆర్డర్ ప్రకారం రెండో, నాలుగో శనివారం 10 గంటలకి మా దగ్గరికి వచ్చి ఆదివారం సాయంత్రం వెళ్లాలి. కాగితం మీద అంతే. అసలు జరిగేదేంటంటే, పాపకి ఇష్టమని ముందురోజే పిండి రుబ్బి పెట్టుకుని, పొద్దున్నే పెనం మీద మొదటి దోశ వేస్తుంటే "ఈ వారం కుదరదు, మా అన్నయ్య వాళ్లింట్లో ఫంక్షన్" అని పాప వాళ్లమ్మ మెసేజ్ వచ్చేది.

మొదట్లో నేనే ఫోన్ చేసి గొడవపడ్డాను. తప్పు నాదే, అది నేను మాట్లాడాల్సిన విషయం కాదు.

ఇప్పుడు మాట్లాడేది మా ఆయన ఒక్కరే, అదీ వాట్సాప్‌లో రాసే. మార్పు ఉంటే గురువారం రాత్రి 8 లోపు చెప్పాలి, బదులుగా ఏ రోజు పంపుతారో కూడా అదే మెసేజ్‌లో ఉండాలి. జ్వరమొస్తే మాత్రం ఏ రూలూ లేదు. ఇది మాకూ వర్తిస్తుంది, ఆవిడ ఒప్పుకున్నది అందుకేనని నా అనుమానం (మేమూ ఆఫీసు పనని రెండుసార్లు చివరి నిమిషంలో ఎగ్గొట్టాం మరి).

పాపని ఎల్బీనగర్ నుంచి మియాపూర్‌లో మా దగ్గరిదాకా తేవడం కష్టమని ఆవిడ అనేది, ఆ గొడవ మధ్యలో అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో పాపని అప్పగించుకోవడంతో తీరింది, అందరిదీ ఒకే లైను.

రోజులే శాశ్వతంగా మార్చాలంటే మాత్రం హిందూ వివాహ చట్టం, 1955 సెక్షన్ 26 కింద కోర్టునే అడగాలని మా లాయరుగారు చెప్పారు. ఇంకా అవసరం పడలేదు.

మొన్న నాలుగో శనివారం మళ్లీ రద్దయింది. గురువారమే తెలిసింది కాబట్టి పప్పు నానబోయలేదు.