పింక్ ఫ్లాయిడ్‌ని కొత్తగా వినడం ఎలా?

నల్లటి టీ షర్టు మీద ఒక త్రిభుజం, దాంట్లోంచి బయటికొచ్చే ఇంద్రధనుస్సు. ఆ బొమ్మ చూడనివాళ్లు తక్కువ. అది పింక్ ఫ్లాయిడ్ అనే ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ ఆల్బమ్ అట్ట మీది బొమ్మ. దాని వెనకున్న పాటలు విన్నవాళ్లు మాత్రం అంతమంది కనిపించరు. ఎవరైనా విందామనుకున్నా, యాప్‌లో పేరు కొట్టి పైన కనిపించిన నాలుగు పాటలు పెట్టి, "ఎంతసేపటికీ పాట మొదలవదేంటి?" అని వదిలేస్తారు. నేనూ మొదట్లో అలాగే వదిలేశాను.

సినిమా పాటంటే మనకు పల్లవి, రెండు చరణాలు, ఐదు నిమిషాల్లో సరి. పింక్ ఫ్లాయిడ్ దగ్గర పల్లవి కోసం కాచుక్కూర్చుంటే విసుగే మిగులుతుంది. వీళ్ల మంచి ఆల్బమ్‌లన్నీ మొదటి నుంచి చివరిదాకా ఒకే బిగిన వినడానికి చేసినవి. అందుకని ఇలా మొదలుపెట్టండి.

1. ముందు ఫోన్ సెట్టింగులు

షఫుల్ ఆపేయండి. క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివర మీద ఇంకో పాట మొదలు కలిపేసేది) ఉంటే అదీ ఆపి, గ్యాప్‌లెస్ ప్లేబ్యాక్ (పాటల మధ్య ఖాళీ రానివ్వనిది) ఆన్ చేయండి. వీళ్ల పాటలు చాలావరకు ఒకదాంట్లోంచి ఒకటి పుడతాయి. మధ్యలో పెయింట్ల ప్రకటన పడిందంటే అంతే సంగతులు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఓ 45 నిమిషాలు ఎవరూ పిలవని సమయం చూసుకోండి. రాత్రి భోజనాలయ్యాక అయితే మేలు.

2. 1975 నాటి 'విష్ యు వర్ హియర్' పెట్టండి

చాలామంది ఆ త్రిభుజం ఆల్బమ్‌తోనే మొదలుపెట్టమంటారు. నేను ఒప్పుకోను. 'విష్ యు వర్ హియర్'లో ఉన్నవి ఐదే ట్రాకులు, చాలావరకు ఒకే మనిషి కథ. ఆ కథ ముందే తెలిస్తే పాట తలుపు తీసినట్టే.

1965లో లండన్‌లో బ్యాండ్ మొదలైనప్పుడు దాన్ని నడిపించింది సిడ్ బారెట్. పేరు పెట్టింది, తొలి పాటలు ఎక్కువగా రాసింది, పాడింది అతనే. ఎల్‌ఎస్‌డీ అనే మత్తుమందు వాడకం, మానసిక అనారోగ్యం కలిసి అతన్ని స్టేజీ మీద నిలబడలేని స్థితికి తెచ్చాయి. అతని కేంబ్రిడ్జ్ స్నేహితుడు డేవిడ్ గిల్మర్ గిటార్‌కి వచ్చాడు, 1968లో సిడ్ బయటికెళ్లిపోయాడు. ఏడేళ్ల తర్వాత, మిగిలినవాళ్లు ఈ ఆల్బమ్ చేస్తుండగా అబ్బీ రోడ్ స్టూడియోలోకి ఒక లావుపాటి మనిషి వచ్చి కూర్చున్నాడు. గుండు, కనుబొమలు కూడా గీసేసి ఉన్నాయి. అది సిడ్ అని పోల్చుకోవడానికి పాత స్నేహితులకు చాలాసేపు పట్టింది.

ఇప్పుడు మొదటి ట్రాక్ పెట్టండి: 'షైన్ ఆన్ యు క్రేజీ డైమండ్'. సిడ్ గురించి రాసిందే. దాదాపు నాలుగో నిమిషం దగ్గర గిటార్ మీద నాలుగే నాలుగు స్వరాలు, విడివిడిగా, ఖాళీ హాల్లో ఎవరినో పిలిచినట్టు వస్తాయి. గొంతు వినిపించేది ఎనిమిది నిమిషాలు దాటాకే. ముందుకు జరపకండి. మూడో పాటలో ఒక మ్యూజిక్ కంపెనీ పెద్దమనిషి తెగ పొగుడుతూ, మీలో పింక్ ఎవరని అడుగుతాడు. నిజానికి పింక్ అండర్సన్, ఫ్లాయిడ్ కౌన్సిల్ అనే ఇద్దరు అమెరికన్ బ్లూస్ గాయకుల పేర్లు కలిపి పెట్టుకున్నదే బ్యాండ్ పేరు.

ఆ పాట చివర శబ్దం ఉన్నట్టుండి సన్నబడి, పాత ట్రాన్సిస్టర్‌లోంచి వస్తున్నట్టు అయిపోతుంది. స్టేషన్లు మారతాయి. రేడియోలో ఎక్కడో గిటార్. అప్పుడు మీ పక్కనే కూర్చున్నట్టు మరో గిటార్ దాంతో కలుస్తుంది. మధ్యలో చిన్న దగ్గు కూడా వినిపిస్తుంది. ఈ ఒక్క నిమిషం బాగా విన్నారంటే ఈ బ్యాండ్ మీకు పట్టుబడినట్టే.

3. రెండు మూడు రోజులాగి 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' (1973)

ఇదే ఆ త్రిభుజం. గుండె చప్పుడుతో మొదలై దాంతోనే ముగుస్తుంది. ఒక జాగ్రత్త: 'టైమ్' పాట మొదట్లో గడియారాలన్నీ ఒక్కసారిగా మోగుతాయి, వాల్యూమ్ కాస్త తగ్గించి ఉంచండి. 'ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై'లో మాటల్లేకుండా గొంతెత్తేది క్లేర్ టోరీ. మాటల్లేవు కాబట్టి ఇంగ్లిష్ యాస అర్థం కాదన్న టెన్షన్ కూడా లేదు.

'మనీ' వచ్చినప్పుడు తొడ మీద తాళం వేయండి. నాణేలు, క్యాష్ రిజిస్టర్ చప్పుళ్లతో మొదలయ్యే ఆ బేస్ గిటార్ వరస ఏడు దెబ్బలది. తకిట తకధిమి అనుకుంటూ వినండి, సరిగ్గా కూర్చుంటుంది. మిశ్రచాపు అలవాటైన చెవికి ఇది మరీ కొత్తేమీ కాదు. గిటార్ సోలో దగ్గర తాళం నాలుగుకి మారి, సోలో అయ్యాక మళ్లీ ఏడుకి వస్తుంది. ఆ మలుపు దగ్గర చెయ్యి తడబడితే నవ్వుకుని మళ్లీ వేయండి.

4. ఇక వెనక్కి, ముందుకి

1971 నాటి 'మెడిల్'లో 'ఎకోస్' అనే ఒక్క పాటే 23 నిమిషాలు, ఎల్పీ రికార్డుకి ఒక వైపంతా. అంతసేపు ఉత్తగా వినలేకపోతే, అదే ఏడాది ఇటలీలోని పాంపేయి శిథిలాల్లోని యాంఫీథియేటర్‌లో ప్రేక్షకులే లేకుండా వాయించిన కచేరీ చిత్రం చూడండి.

'యానిమల్స్' (1977) కోపంగా ఉంటుంది, మూడోసారికి గానీ నచ్చదు. 'ద వాల్' (1979) డబుల్ ఆల్బమ్. బడిపిల్లల కోరస్ ఉన్న 'అనదర్ బ్రిక్ ఇన్ ద వాల్' పాట చాలామంది వినే ఉంటారు, మిగతాది బరువైన కథ, తొందరేం లేదు. బేస్ గిటార్ వాయిస్తూ పాటలు రాసిన రోజర్ వాటర్స్ వెళ్లిపోయాక వచ్చినవి తర్వాతెప్పుడైనా వినొచ్చు.

1967 నాటి తొలి ఆల్బమ్ 'ద పైపర్ ఎట్ ద గేట్స్ ఆఫ్ డాన్'ని నేను చివరికే ఉంచుతాను. అది దాదాపుగా సిడ్ సొంతం. పిల్లల కథల్లాంటి పాటలు, మీరు అప్పటిదాకా విన్న బ్యాండేనా అని పేరు మళ్లీ చూసుకుంటారు. చివరి పాట 'బైక్' ఆఖర్లో బాతుల గుంపు అరిచినట్టు ఒకటే గోల వస్తుంది. ఫోన్ పాడైందని కంగారుపడకండి, పాటే అంత.