మినుము చేలో బంగారు తీగ: ముడి పడకముందే పట్టుకోవడం ఎలా

గుంటూరులో ఇంటర్ పిల్లలకు వృక్షశాస్త్రం చెబుతాను. మా నాన్నగారు కొల్లిపర దగ్గర మాగాణిలో, వరి కోతకు రెండు మూడు రోజుల ముందు మినుము చల్లుతారు. అందుకే ఇతర మొక్కలను చుట్టుకుని వాటి రసం పీల్చి బతికే బంగారు తీగ (కస్కుటా) అనే కలుపు గురించి అటు రైతులూ ఇటు విద్యార్థులూ నన్నే అడుగుతారు. ఇద్దరికీ నేను చెప్పేది ఒకటే: తీగ మినుము కాడను చుట్టుకోకముందే పట్టుకోండి.

పని విత్తనం దగ్గరే మొదలవుతుంది. తీగ వచ్చిన చేలోని మినుమును విత్తనానికి ఉంచకండి. తప్పనిసరైతే జల్లెడ పట్టండి. తీగ గింజలు మినుము గింజ కన్నా చాలా చిన్నవి, కిందికి రాలిపోతాయి. తీగ ఉన్న మినుము కట్టెను పశువులకు వేయకండి. ఆ గింజలు పేడలోనూ బతికే ఉంటాయి, నేలలో పదేళ్లకు పైగా నిలుస్తాయి.

మినుము మొలిచాక ఉదయం పూట చేలో వంగి చూస్తూ నడవండి. నిరుడు తీగ కనిపించిన చోట, గట్ల వెంట మరీ జాగ్రత్తగా చూడాలి. లేత పసుపు దారంలా, ఆకు లేకుండా, ఆసరా కోసం తడుముకుంటూ కనిపిస్తుంది. వారం పది రోజుల్లో పట్టుకోవడానికి మొక్క దొరకకపోతే అదే చచ్చిపోతుంది. వాసన పట్టి టమాటా మొక్క వైపు పెరుగుతుందని అమెరికా శాస్త్రవేత్తలు 2006లో చూపారు. ఈ దశలో వేలితో పీకితే చాలు.

చుట్టుకున్నాక కథ మారుతుంది. పరాన్నజీవ వేర్లు కాడలోకి దిగి నీళ్లూ చక్కెరలూ తాగుతాయని పాఠంలో చెబుతాం. అంతకన్నా ఆశ్చర్యకరమైన విషయం 2018లో తెలిసింది. పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలోని మైకేల్ యాక్స్‌టెల్ బృందం, ఈ తీగ తన మైక్రో ఆర్‌ఎన్‌ఏలను, అంటే జన్యువుల పనిని అణిచే చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కలను, తాను పట్టుకున్న అతిథేయి మొక్కలోకి పంపుతున్నదని కనుగొంది. మొక్కల్లో మైక్రో ఆర్‌ఎన్‌ఏలు ఎక్కువగా 21 న్యూక్లియోటైడ్ల (ఆర్‌ఎన్‌ఏ గొలుసులోని లింకుల) పొడవు ఉంటాయి. తీగ పంపేవి మాత్రం 22. ఆ ఒక్కటి అదనంగా ఉండటంతో, దాడికి గురైన మొక్క తన జన్యువులనే అణిచే మరిన్ని చిన్న ఆర్‌ఎన్‌ఏలను తానే తయారుచేస్తుంది! అవి నోరు నొక్కే జన్యువుల్లో ఎస్‌ఈఓఆర్1 ఒకటి. గాయమైనప్పుడు పోషక కణజాలం (చక్కెరలు మోసే ఫ్లోయం) నాళాలను మూసే ప్రోటీన్ దానిదే. మరికొన్ని ఆక్సిన్ అనే పెరుగుదల హార్మోన్ సంకేతాన్ని గుర్తించే జన్యువులు. ఎస్‌ఈఓఆర్1 చెడిన అరబిడాప్సిస్ (ప్రయోగాల్లో వాడే చిన్న మొక్క) మొక్కల మీద తీగ మరింత బాగా పెరిగింది. అంటే చక్కెర కారకుండా మూసుకోవలసిన ద్వారాన్ని తెరిచే ఉంచమని ఒక జాతి మరో జాతికి ఆజ్ఞ ఇస్తున్నదన్నమాట. తరగతిలో ఈ మాట చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

కాబట్టి చుట్టుకున్న తీగను పైపైన లాగి సరిపెట్టుకోకండి. కాడలో మిగిలిన ముక్క మళ్లీ చిగురిస్తుంది. తీగతో పాటు ఆ మినుము మొక్కలనూ, చుట్టూ ఒక అడుగు మేర మొక్కలనూ వేళ్లతో పీకండి. అక్కడే గోనెసంచిలో కుక్కి, చేను దాటించి కాల్చండి. తెల్లని పూల గుత్తులు కనిపించకముందే ఇది జరగాలి. గట్టు మీద, కాలువలో పడేయకండి. ముక్క మరో మొక్కను తాకితే మళ్లీ అంటుకుంటుంది.

కలుపు మందు వాడాలనుకుంటే మందు పేరు, మోతాదు, పైరు వయసు గుంటూరు దగ్గరి లాం ఫారం వ్యవసాయ పరిశోధన కేంద్రంలో అడిగి తెలుసుకోండి. తీగ చేనంతా అల్లుకుంటే మాత్రం నా సలహా: మరుసటి ఏడు మినుము మానేసి మొక్కజొన్నో జొన్నో వేయండి. ఈ తీగ గడ్డిజాతి పైర్లను పట్టుకుని బతకలేదు.

ఈ చిన్న ఆర్‌ఎన్‌ఏల ఆయుధాన్నే తీగ మీదికి తిప్పవచ్చు కదా అని పిల్లలు అడుగుతారు. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (డేవిస్) వృక్షశాస్త్రవేత్త నీలిమా సిన్హా బృందం 2012లో ఆ పనే చేసింది. తీగ పెరుగుదలకు కావలసిన జన్యువును అణిచే చిన్న ఆర్‌ఎన్‌ఏలను పొగాకు మొక్కలో తయారయ్యేలా చేస్తే, దాన్ని పట్టుకున్న తీగ బలహీనపడింది. అది ప్రయోగం మాత్రమే, కాబట్టి అలాంటి మినుము విత్తనం ఉందని ఎవరైనా అమ్మజూపితే కొనకండి.

తీగ పీకిన ప్రతిచోటా ఒక పుల్ల పాతి, పైరు నూర్చేలోగా ఆ చోటు నోటు పుస్తకంలో రాసుకోండి. వచ్చే ఏడు మొదట వెతకవలసింది అక్కడే.