తల్లి చెట్టు నంబరు లేని విత్తనం తోటకు తేవద్దు

అడవి మొక్కను కాపాడాలని ఉత్సాహపడేవాళ్ళు మొదట చేసే పని గునపం పట్టుకుని దాన్ని వేళ్ళతో సహా పెకలించడం. అదొక్కటి మానుకుంటే సగం పని నేర్చుకున్నట్టే. ముదురు మొక్కను తవ్వి తెస్తే తోటలో బతకడం కష్టం. బతికినా అడవిలో ఏటా కాయలు కాసే ఒక తల్లి పోయినట్టే. విత్తనాలు ఏరుకొస్తే అడవికి పెద్దగా తెలియదు.

నేను తిరుపతి చుట్టుపక్కల కొండల్లో విత్తనాలు సేకరించి ఒక బొటానికల్ గార్డెన్‌కు అందిస్తుంటాను. కొత్తగా చేరే ఎమ్మెస్సీ పిల్లలకు ప్రతి ఏడూ ఇవే మాటలు చెప్పాల్సి వస్తోంది కాబట్టి ఒకసారి రాసి పెడుతున్నాను. ఉదాహరణలన్నీ శేషాచలం వైపువి. ఎర్రచందనం, తెల్ల కరక, మొగి, తంబ జాలారి, కొండ గుగ్గిలం, అన్నిటికన్నా ముఖ్యంగా సైకస్ బెడ్డోమి. దీన్ని ఇక్కడ పేరీత అంటారు. చూపుకు ఈతలా ఉన్నా ఇది సైకాడ్ అనే, పువ్వులు పూయని మొక్కల గుంపులోది.

ముందుగా లెక్క సంగతి. ఒకే చెట్టు కింద సంచెడు కాయలు ఏరి వంద మొలకలు లేపితే చూడటానికి తోట నిండుగా ఉంటుంది. కానీ అవన్నీ ఒక్క తల్లి పిల్లలే. రేపు ఏదైనా తెగులు వస్తే అన్నీ ఒకేసారి పడిపోవచ్చు. అందుకే వీలైతే యాభై తల్లి చెట్ల నుంచి, ఒక్కోదాని దగ్గర కొద్దికొద్దిగా తీసుకోవాలి. ఆ రోజు ఆ గుంపులో పండి ఉన్న విత్తనంలో ఐదో వంతు మించి ముట్టుకోకూడదు. విత్తన బ్యాంకుల వాళ్ళు పాటించే పద్ధతి ఇదే. పేరీత లాంటి వాటికి కొండ మొత్తం మీద యాభై ఆడ మొక్కలు దొరక్కపోవచ్చు. అప్పుడు దొరికినన్ని తల్లుల నుంచి తీసుకోండి, కానీ దేని విత్తనం దాని సంచిలోనే ఉండాలి. కలిపేశారంటే తర్వాత ఎవరూ విడదీయలేరు.

దక్షిణాఫ్రికాలో ఎన్సెఫలార్టోస్ వుడియై అని ఇంకో సైకాడ్ ఉంది. 1895లో ఒక్కచోట, మగ మొక్క మాత్రమే దొరికింది. ఆడది ఇప్పటికీ దొరకలేదు. ప్రపంచంలోని తోటల్లో ఉన్నవన్నీ ఆ ఒక్క మొక్క పిలకలే. మన కొండల్లో పేరీతకు ఇంకా ఆడా మగా రెండూ ఉన్నాయి కాబట్టి ఇప్పుడే ఓపిగ్గా ఏరుకోవాలి.

ఇక అనుమతులు. దీని దగ్గర చాలామందికి టెన్షన్, కానీ తప్పదు. రిజర్వు ఫారెస్టులో ఆకు కోయాలన్నా అటవీ శాఖ అనుమతి కావాలి. దరఖాస్తు డీఎఫ్‌వో ఆఫీసు నుంచి మొదలవుతుంది. శ్రీ వేంకటేశ్వర నేషనల్ పార్కు లోపలైతే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ దాకా వెళ్తుంది. పేరీతది ఇంకా పెద్ద కథ. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1991లో సవరణ చేసినప్పుడు మొక్కలకూ ఒక జాబితా పెట్టారు, అందులో ఇది ఉంది. దాన్ని కోయాలంటే చదువుకో, పరిశోధనకో, హెర్బేరియానికో (ఎండబెట్టిన మొక్కల నమూనాలు దాచే చోటు), ఆమోదం పొందిన సంస్థ పెంపకానికో అని కారణం చూపాలి. చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాష్ట్ర ప్రభుత్వాన్ని అడిగి పర్మిట్ ఇస్తారు. నెలలు పడుతుందనుకుని ముందుగానే కదలండి. చేతికొచ్చిన పర్మిట్‌లో జాతి పేరు, ఎంత తీసుకోవచ్చు, ఏ బీటు (అడవిలో ఏ భాగం), ఏ తేదీలు అన్నవి సరిగా ఉన్నాయో లేదో అక్కడే చదువుకోండి.

వెళ్ళే రోజు పొద్దున రేంజ్ ఆఫీసులో చెప్పి వెళ్ళండి. ఎర్రచందనం దొంగల కోసం టాస్క్‌ఫోర్స్ తిరిగే అడవి ఇది. వీపున సంచీ, చేతిలో కొడవలి, దోటి పట్టుకుని కనిపిస్తే ఎవరైనా ఆపుతారు, ఆపాలి కూడా. పర్మిట్ జిరాక్సులు ఒక్కొక్కరి దగ్గర ఒక్కోటి ఉండాలి. ఫోన్‌లో ఫొటో ఉందిలే అంటే కుదరదు, లోపల సిగ్నల్ ఉండదు, ఛార్జింగూ అయిపోతుంది.

ఏది ఎప్పుడు పండుతుందో పుస్తకాల కన్నా కొండ ఎక్కే యానాది వాళ్ళకే బాగా తెలుసు. మాతో వచ్చే పెద్దాయన ఎర్రచందనం కాయను గోటితో చీల్చి లోపల గింజను నొక్కి చూస్తాడు. "ఇంకా పాల మీదే ఉండాది, రెండు వారాలు ఆగుమ్మా" అన్నాడంటే ఆగడమే. ఆయన కూలి అందరికన్నా ముందు, అదే సాయంత్రం ఇవ్వండి. ఆయన చెప్పిన సంగతి నోట్‌బుక్‌లో ఆయన చెప్పినట్టుగానే రాయండి. పూత సమయంలో ఒకసారి వెళ్ళి ఏ చెట్లు పూశాయో గుర్తు పెట్టుకుని వస్తే కాయల సమయంలో వెతుకులాట తగ్గుతుంది.

మొక్కను గుర్తుపట్టడంలో కొత్తవాళ్ళు తికమకపడేది పేరీత దగ్గరే. పక్కనే చిట్టీత పొదలు ఉంటాయి, దూరం నుంచి రెండూ ఒకేలా కనిపిస్తాయి. దగ్గరికెళ్ళి ఒక్క చిన్నాకును వేళ్ళ మధ్య తిప్పి చూడండి. చిట్టీత ఆకు పైకి మడత పడి దోనెలా ఉంటుంది. మట్టకు అడుగున ఉండే చిన్నాకులు ముళ్ళుగా మారిపోయి ఉంటాయి. పేరీత చిన్నాకు సన్నగా, బిరుసుగా ఉండి అంచులు రెండూ కిందివైపుకు చుట్టుకుని ఉంటాయి. వెనక వేలితో రాస్తే ఆ అంచులు, వాటి మధ్య నిలువునా ఒకే ఒక్క ఈనె తగులుతాయి.

ఇందులో ఆడ, మగ వేర్వేరు మొక్కలు. మగదానికి నడినెత్తిన పొడుగాటి కంకి ఒక్కటి వస్తుంది. మందుల కోసం దాన్ని విరిచి అమ్ముకోవడం ఈ జాతికి పట్టిన పెద్ద శని. మగ కంకులు పోతే ఆడ మొక్కల్లో కాయలు వట్టివే. కాబట్టి నమూనా కోసమైనా మగ కంకి విరవకండి, ఫొటో చాలు. ఆడదానికి కంకి ఉండదు. కొన మొవ్వు చుట్టూ రెక్కల్లాంటివి వచ్చి, వాటి అంచులకు గుండ్రటి విత్తనాలు పట్టుకుని ఉంటాయి. రెక్కను పీకొద్దు. చేత్తో తాకితే ఊడేంత పండిన విత్తనాలే తీసుకోండి, కొన్ని అక్కడే వదిలేయండి. చేతులకు గ్లోవ్స్ వేసుకోండి. ఈ విత్తనంలో విషం ఉంది, నోట్లో పెట్టుకునే సరదా వద్దు.

సంచుల సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు, కానీ విత్తనం చచ్చేది ఎక్కువగా ఇక్కడే. ఎర్రచందనం, తెల్ల కరక లాంటి ఎండు కాయలకు గుడ్డ సంచి లేదా కాగితం కవరు వాడాలి. ప్లాస్టిక్‌లో వేస్తే చెమర్చి బూజు పడతాయి. ఇంటికొచ్చాక నీడలో గాలి తగిలేలా పరవాలి, మేడ మీద ఎండలో కాదు. మొగి, తంబ జాలారి దీనికి పూర్తిగా వ్యతిరేకం. వీటి గింజ ఎండితే చచ్చిపోతుంది, ఫ్రిజ్‌లో పెట్టినా చచ్చిపోతుంది. తడిపి పిండిన కొబ్బరి పొట్టులో వేసి, గాలి ఆడేలా మూతి వదులుగా కట్టి, వీలైనంత త్వరగా, మరునాటికల్లా నారుమడికి చేర్చాలి. అందుకే వీటి కోసం శుక్రవారం వెళ్ళి సోమవారం విత్తుదాం అనుకోకండి. మొగి పళ్ళు తినొచ్చు కాబట్టి దారిలో సంచి తేలికైపోతుంటుంది, ఒక కన్నేసి ఉంచండి.

ఏ చెట్టు దగ్గరైనా ఎక్కువ ఏరే ముందు పది గింజలు కోసి చూడండి. లోపల తెల్లగా, నిండుగా ఉంటే సరే. పురుగు తొలిచినవో, తాలువో ఎక్కువైతే ఆ చెట్టును వదిలేయండి. కొండ గుగ్గిలం కాయల్లో తాలు బాగా ఎక్కువ, పైకి మాత్రం నిగనిగలాడుతుంటాయి.

ఇప్పుడు అసలైన సంగతి, నోట్‌బుక్. విత్తనం ఏరిన చోటే, చెట్టు కిందే నిలబడి రాయాలి. సాయంత్రం రూముకెళ్ళి రాద్దామంటే మూడో చెట్టుకూ ఐదో చెట్టుకూ తేడా గుర్తుండదు. నా పుస్తకంలో ఒక పేజీ ఇలా ఉంటుంది: "తల్లి 4. ఆడ మొక్క, నడుమెత్తు. తూర్పు వాలు, క్వార్ట్‌జైట్ బండ సందు. మొదలు నిప్పుకు మాడింది, పైన కొత్త ఆకు. చుట్టూ ఎర్రచందనం, జాలారి, చిట్టీత. దగ్గర్లో మగ మొక్కలు రెండు, ఒకదానికి కంకి విరిచేసి ఉంది. విత్తనాలు పండినవి సగం, తీసినవి అందులో కొన్ని." దానితోపాటు జీపీఎస్ అంకెలు, సముద్రమట్టం నుంచి ఎత్తు, తేదీ, ఏరినవాళ్ళ పేర్లు. పెన్సిల్‌తో రాయండి, వానకు చెదరదు. అదే తల్లి నంబరును చిన్న కాగితం మీద రాసి సంచి లోపల ఒకటి వేసి, పైన ఒకటి కట్టండి. పైది ముళ్ళకు పట్టుకుని చిరిగిపోతుంది, లోపలిదే కాపాడుతుంది.

ప్రతి సేకరణకూ ఒక హెర్బేరియం నమూనా ఉండాలి. పదేళ్ళ తర్వాత ఎవరో వచ్చి "ఇది నిజంగా ఆ జాతేనా?" అంటే చూపించడానికి అదొక్కటే సాక్ష్యం. పాత న్యూస్‌పేపర్ల మధ్య పెట్టి ప్రెస్‌లో బిగించి, మొదటి వారం రోజూ కాగితాలు మార్చండి. పేరీత ఆకు మూరల కొద్దీ ఉంటుంది, షీటు పట్టదు. మొదలు, నడుమ, కొస అని మూడు ముక్కలు చేసి ఒకే నంబరు కింద 1, 2, 3 అని గుర్తు పెట్టండి. అందరూ చూసే లేబుల్ మీద కచ్చితమైన జీపీఎస్ అంకెలు వేయకండి. జిల్లా, కొండల పేరు చాలు. అసలు అంకెలు తోట రిజిస్టరులోనే ఉండాలి. ఆ అంకెలు చూసి తవ్వుకుపోయేవాళ్ళు ఉన్నారు.

తోటకు చేరాక అదే రోజు యాక్సెషన్ నంబరు, అంటే తోట రిజిస్టరులో ఆ సేకరణకు ఇచ్చే నంబరు, పడాలి. ఏడాది, వరుస సంఖ్య, తల్లి నంబరు, ఈ మూడూ కుండీకి కట్టే రేకు మీద ఉండాలి. మార్కర్‌తో రాసిన ప్లాస్టిక్ ముక్క రెండు ఎండాకాలాలకు వెలిసిపోతుంది. అల్యూమినియం రేకు మీద మేకుతో గీసింది నిలుస్తుంది. పేరీత విత్తనం పై గుజ్జును నీళ్ళలో నానబెట్టి తీసేసి, ఇసుకలో అడ్డంగా, సగం బయటికి కనిపించేలా నాటండి. రాలినప్పుడు లోపలి పిండం ఇంకా ఎదిగి ఉండదు కాబట్టి నెలల తరబడి చలనం ఉండదు. రోజూ తవ్వి చూడకండి. మొలిచాక కూడా ఆడో మగో కంకో, విత్తనాల రెక్కలో వచ్చేదాకా తెలియదు, దానికి ఏళ్ళు పడుతుంది. ఎక్కువ తల్లుల నుంచి ఎక్కువ మొలకలు పెంచమనడానికి ఇది ఇంకో కారణం.

అన్నీ ఒకే తోటలో పెట్టకండి. 2020 మేలో అంఫాన్ తుఫాను హౌరా బొటానిక్ గార్డెన్‌లో ఎన్నో చెట్లను కూల్చింది, అక్కడి మహా మర్రి కూడా దెబ్బతింది. ప్రతి తల్లి పిల్లల్లో కొన్ని వేరే ఊరి తోటకు, నంబర్లతో సహా పంపాలి. మన దేశం లోపలైతే పర్మిట్ షరతులు చూసుకుంటే చాలు. విదేశీ తోటలకైతే సైకస్ బెడ్డోమి సైటీస్ (అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం) మొదటి అనుబంధంలో ఉంది కాబట్టి రెండు దేశాల కాగితాలూ కావాలి, ఒక్క విత్తనమైనా సరే.

తోటలో పెరిగిన పేరీతల పక్కన అందం కోసం వేరే సైకస్‌లు నాటి ఉంటే జాగ్రత్త. పుప్పొడి కలిస్తే వచ్చే విత్తనం సంకరం. దాన్ని మళ్ళీ అడవిలో నాటడానికి ఇవ్వకూడదు. అడవికి తిరిగి పంపేవి కొండ నుంచి తెచ్చిన విత్తనాల మొలకలో, లేదా మగ కంకి పుప్పొడిని చేత్తో చల్లి, ఆ జత నంబర్లు రాసిపెట్టిన విత్తనాలో అయి ఉండాలి.

పర్మిట్ గడువు ముగిశాక ఎంత తెచ్చారో, ఎన్ని మొలిచాయో రేంజ్ ఆఫీసుకు రాతపూర్వకంగా ఇవ్వండి, వాళ్ళు అడగకపోయినా. వచ్చే ఏడు పర్మిట్ అడిగేటప్పుడు ఆ కాగితమే పనికొస్తుంది. మళ్ళీ అదే గుట్ట ఎక్కితే పాత నోట్‌బుక్ వెంట తీసుకెళ్ళండి. పోయినసారి విత్తనం ఇచ్చిన తల్లులను వదిలేసి మిగతావాటి దగ్గరికి వెళ్ళాలి.